కంకిపాడు దాటాక చెప్పే మాట

మా అత్తయ్య పోయిన నెలలో ఒక మంగళవారం తెల్లవారుతుండగా చనిపోయింది. మావయ్య ఏడున్నరకు ఫోన్ చేశారు. "మీ అత్తయ్య వెళ్లిపోయిందిరా," అన్నారు.  తర్వాత ఆయనే, "నిన్న సాయంత్రం కూడా టీవీ వాణ్ణి తిట్టింది. గట్టిగానే తిట్టింది. అంత ఓపిగ్గా తిట్టిన మనిషి పొద్దున్నకి..." అని ఆగిపోయారు.

ఆమె పోయినట్టు ఏ పత్రికలోనూ రాలేదు. పామర్రులో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో చిన్న చీరల కొట్టు నడిపిన మనిషి ఆమె. వారానికో సినిమా చూసింది. రోజూ టీవీ చూసింది. చూసినదాని గురించి తనకేమనిపించిందో ఎదురుగా ఎవరున్నా చెప్పింది. పైకి కనిపించేది ఇంతే. నేను మాత్రం రాసుకుని బతికేవాణ్ణి. నా రాతలో ఏ కాస్త నిజాయితీ ఉన్నా అది ఆ కొట్టులో, ఆమె ముందు తల దించుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం అబ్బినదే. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాది నేత కుటుంబం. తాతయ్య ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక వయసులో మగ్గం గుంటలోకి కాళ్లు దించవలసిందే. అత్తయ్యకు మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. మగ్గం తొక్కడం ఆమెవల్ల కాలేదు. అందుకని పక్కన కూర్చోబెట్టి కండెలకు నూలు చుట్టే పని అప్పజెప్పారు. "అదే నయమైంది. మగ్గం మీదున్నవాడికి వాడి పోగే కనబడుద్ది. నాకు అందరి నేతా కనబడేది," అనేది. పెళ్లయి పామర్రు వచ్చాక మావయ్యతో కలిసి కొట్టు పెట్టింది. చీర చూడటం ఆమె పని, బేరం ఆడటం ఆయన పని. మావయ్య సినిమాలు చూడరు. చీకట్లో కూర్చుంటే నిద్రొస్తుందంటారు.

సరుకు కోసం ఆమె వారం వారం విజయవాడ వచ్చేది, అదీ శుక్రవారమే. సరుకు శుక్రవారమే ఎందుకు తేవాలో మావయ్యకు చాలా ఏళ్లు అర్థం కాలేదట. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల పని పన్నెండున్నరకల్లా ముగించి, మూటలు ట్రాన్స్‌పోర్టులో వేయించి, కొత్తగా విడుదలైన సినిమా మ్యాట్నీకి వెళ్లిపోయేది. నేనప్పుడు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. శుక్రవారం సాయంత్రం ఎటూ అదే దారిలో ఇంటికి వెళ్లవలసినవాణ్ణే కనుక మ్యాట్నీకీ తిరుగు బస్సుకూ ఆమెకు తోడయ్యేవాణ్ణి.

మొదటిసారి హాల్లోంచి బయటికి రాగానే, "సూపరత్తయ్యా!" అన్నాను.

"నోరు మూసుకుని బస్సెక్కు," అంది.

"ఏం, నీకు నచ్చలేదా?"

"కంకిపాడు దాటాక మాట్లాడదాం."

నాకది తిక్క అనిపించింది. బెంజి సర్కిల్, పటమట, కానూరు, పెనమలూరు, ఒక్క మాట లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కంకిపాడులో జామకాయలమ్మే ఆమె బస్సెక్కి, ఒక చుట్టు తిరిగి దిగిపోయింది. బస్సు కదిలి పొలాలు మొదలయ్యాక అప్పుడు నావైపు తిరిగింది.

"హాల్లోంచి బయటికి రాగానే నోటికొచ్చేది మనది కాదురా. పక్క సీటువాడిది. ఈల వేసినవాడిది. అది దిగిపోవాలి. కంకిపాడుకి దిగిపోద్ది. ఇప్పుడు చెప్పు, నీకేం నచ్చింది?"

చెప్పబోతే నా దగ్గర ఏమీ లేదు. నిజంగానే ఏదో దిగిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సినిమా వచ్చింది. పేరు అక్కర్లేదు. ప్రేమించిన అమ్మాయిని కొట్టే హీరో, కొట్టినా తిరిగొచ్చే అమ్మాయి. మా కాలేజీ కుర్రాళ్లు ఐదేసి సార్లు చూశారు. పెద్దవాళ్లు టీవీ చర్చల్లో కూర్చుని శాపనార్థాలు పెట్టారు. దాన్ని తిట్టినవాళ్లలో సగంమంది అసలు చూడలేదు. అత్తయ్య చూసింది. ఆమెతో వెళ్లినప్పుడు నేను దాన్ని చూడటం మూడోసారి, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

కంకిపాడు దాటింది.

"నీకు నచ్చింది కదా?" అంది.

"నచ్చింది. అతని పిచ్చిని అంత నిజంగా ఎవరూ తీయలేదత్తయ్యా."

"అవును, బాగా తీశాడు. ఆ కుర్రాడు కూడా బాగా చేశాడు. తియ్యడం రాదని నేనన్లేదు. ఒక్కటి చెప్పు. ఆ పిల్ల పొద్దున్నే లేచి ఏం చేస్తది?"

"ఏ పిల్ల?"

"చూశావా, ఏ పిల్ల అని అడగాల్సొచ్చింది నీకు. హీరోయినురా. వాడు లేచి సిగరెట్టు కాలుస్తాడు, కుక్కకి అన్నం పెడతాడు, ఫ్రెండుని తిడతాడు. అన్నీ చూపించాడు. ఆ పిల్లకి ఆకలేస్తదా? దానికో స్నేహితురాలుందా? ఎవరిమీదన్నా కోపమొస్తదా? ఒక్కటీ లేదు. మూడు గంటలు కూర్చుని చూశాం, మనకి తెలీదు. తీసినవాడికీ తెలీదు. తెలియని మనిషిని కొట్టించడం తేలికరా."

వెనక సీట్లో ఒక యువకుడు ఇదంతా వింటున్నాడు. ఆగలేక ముందుకు వంగాడు. "ఏమనుకోకండి. మీకు అర్థం కాలేదండీ. అది ప్రేమండీ."

నేను భయపడ్డాను. అత్తయ్య సీట్లోనే మొత్తం వెనక్కి తిరిగింది. కాలు మడవడం కష్టం, అయినా తిరిగింది. "నాకు అర్థం కానిది ఉయ్యూరు వచ్చేలోపు చెప్పు బాబూ. వింటా," అంది.

అతను చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఉయ్యూరు వచ్చేసింది. అతను దిగడానికి లేస్తుంటే, "తండ్రి సీను గురించి నువ్వు చెప్పింది నిజమే. నేను గమనించలేదు. మళ్లీ చూస్తే అక్కడ చూస్తా. మిగతాదానికి మాత్రం నేనొప్పుకోను," అంది. అతను నమస్కారం పెట్టి దిగాడు. మరుసటి శుక్రవారం ఆమె మళ్లీ అదే సినిమాకు నన్ను తీసుకెళ్లింది. తండ్రి సీను కోసం.

ఆ బస్సులోనే ఆమెను నేను గౌరవించడం మొదలుపెట్టాను. అంతకుముందు ప్రేమ ఉండేది. చిన్నప్పుడు జంతికలు పెట్టిన అత్తమీద ఉండే ప్రేమ. ఇది వేరు.

ఆమె తప్పు ఒప్పుకోవడం కూడా నేను కళ్లారా చూశాను. ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. లారీ మెకానిక్కు రౌడీలందర్నీ చితక్కొట్టే కథ. అత్తయ్యకు అస్సలు నచ్చలేదు. "రెంచీ పట్టుకున్నవాడు పని చెయ్యడానికి పట్టుకోవాలి, తల పగలగొట్టడానికి కాదు," అని కొట్టుకు వచ్చినవాళ్లందరికీ వారం రోజులు చెప్పింది. ఆ తర్వాత సరుకు తెచ్చే ట్రాలీ ఆటో ఇంజన్ పాడై ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. షెడ్డు నడిపే సాయిబుగారిని అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. ఇంజన్ విప్పుతూనే ఆయన ఆ సినిమా పాట కూనిరాగం తీస్తున్నాడు. అత్తయ్య ఊరుకుంటుందా?

"మీక్కూడా నచ్చిందా ఆ గోల?"

"గోలేనమ్మా. కాదనను," అన్నాడాయన. "ఫైటింగులప్పుడు నేను బైటికెళ్లి టీ తాగొచ్చా. ఒక్క సీనుందమ్మా. ఇంటికెళ్లేముందు హీరో చేతులు కడుక్కుంటాడు, గుర్తుందా? ముందు డీజిలుతో, తర్వాత రంపపు పొట్టుతో, ఆ తర్వాత సబ్బుతో. అయినా గోళ్లలో నలుపు పోదు. అన్నం ముద్ద అమ్మ కలిపి నోట్లో పెడతది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. నా చేతులు తెరమీద చూడటం అదే మొదటిసారమ్మా."

అత్తయ్య ఆయన చేతులవైపు చూసింది.  బండి తయారయ్యాక ఆమె ట్రాన్స్‌పోర్టుకు వెళ్లలేదు, అదే సినిమా మ్యాట్నీకి వెళ్లింది. ఆ వారమంతా కొట్టులో ఒకటే పాట. "పోయినవారం మీకు ఆ సినిమా చెత్తన్నాను కదా. సగం వెనక్కి తీసుకుంటున్నా. చేతులు కడిగే సీను నేను చూడలేదు. చూశాననుకున్నా గానీ చూడలేదు." చీర కొనడానికి వచ్చినవాళ్లకు అదేమిటో అర్థమయ్యేది కాదు. అయినా ఒక్కొక్కరికీ చెప్పింది. ఇద్దరు ఎదురుపడకపోతే ఫోన్ చేసి చెప్పింది. మావయ్య తల కొట్టుకున్నారు. "ఎవరికి గుర్తుంటదే నువ్వన్నది?" అంటే, "నాకు గుర్తుంది కదండీ," అంది.

డిగ్రీ అయ్యాక నేను హైదరాబాద్ వెళ్లి కొంతకాలం తిరిగి తిరిగి, ఒక టీవీ చానెల్లో వారం వారం వచ్చే కామెడీ కార్యక్రమానికి స్కిట్లు రాసే పనిలో కుదురుకున్నాను. ఆ కార్యక్రమం మీద జనానికి రెండే అభిప్రాయాలు. కుటుంబమంతా కూర్చుని పడీ పడీ నవ్వేవాళ్లు ఒకవైపు, అది ఇంట్లో పెట్టనివ్వనివాళ్లు ఇంకోవైపు. అత్తయ్య ఏ వైపూ కాదు. గురువారం సాయంత్రం కొట్టు కట్టేశాక చూసేది. శుక్రవారం పొద్దున బస్సెక్కేముందు ఫోన్ చేసేది.

"నాలుగుసార్లు నవ్వాను. ఒకసారి సిగ్గేసింది."

ఎక్కడ సిగ్గేసిందో నాకు తెలిసేది. లావుగా ఉన్నావిడ కుర్చీలో ఇరుక్కున్నప్పుడో, నల్లగా ఉన్నతన్ని కరెంటు పోయిందా అని అడిగినప్పుడో. "అవి రాయకపోతే సెట్లో ఎవరూ నవ్వరత్తయ్యా," అనేవాణ్ణి. "సెట్లోవాళ్లకి జీతమిస్తారు కదరా నవ్వడానికి," అనేది. అప్పుడు ఆ మాటకు నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఒక వారం నా దగ్గర సరుకు అయిపోయింది. మూడు స్కిట్లు రాస్తే మూడూ వెనక్కొచ్చాయి. నాలుగోదానికి ఏమీ తోచక అత్తయ్యను రాశాను. చీరలమ్ముతూ, వచ్చినవాళ్లకు చీర చూపించకుండా సినిమా గురించి క్లాసు పీకే ఆడమనిషి. ఎర్రచీర కావాలంటే, "ఎరుపు సంగతి తర్వాత, ముందు ఇంటర్వెల్ ఎక్కడ పడిందో చెప్పు," అంటుంది. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఆడవేషం వేసే నటుడికి చదివి వినిపించాను. అతనికి బాగా నచ్చింది. "మాట దొరికింది గురూ. మనిషి దొరకలేదు. ఎలా నడుస్తదావిడ?" అన్నాడు.

నేను లేచి నడిచి చూపించాను.

ఎవరూ బలవంతపెట్టలేదు. గదిలో ఆరుగురున్నారు, ఆరుగురూ నవ్వారు. నేను ఇంకోసారి నడిచాను.

ఆ స్కిట్ కార్యక్రమం మొదలైనప్పటినుంచీ ఎప్పుడూ రానంత పేరు తెచ్చుకుంది. ఫోన్లలో ముక్కలు ముక్కలుగా తిరిగింది. ఆ ముక్కల్లో మాటలకంటే నడకే ఎక్కువ ఉండేది. శుక్రవారం పొద్దున అత్తయ్య ఫోన్ రాలేదు. నేను చేయలేదు. శనివారం చేయలేదు. పదిరోజుల తర్వాత మావయ్య చేశారు. కోపంగా మాట్లాడలేదు, అందుకే నాకు భయమేసింది.

"పిల్లలు కొట్టు ముందు కుంటుకుంటూ పోతున్నారురా, టీవీలోలాగా. ఇవాళ మీ అత్తయ్య బయటికొచ్చి, 'అలా కాదర్రా, మడమ ముందానకూడదు, ఇదిగో ఇట్టా' అని వాళ్లకి నేర్పించబోయింది. వాళ్లు పారిపోయారు. లోపలికొచ్చి మంచినీళ్లు తాగి గోడకి ఆనుకుని కూర్చుంది. నువ్వొకసారి రా."

మరునాడే వెళ్లాను. దారిపొడుగునా ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. నడక నటుడే సొంతంగా పెట్టుకున్నాడు, రిహార్సల్లో లేదు, రికార్డింగులో చూసి నేనే నివ్వెరపోయాను. నమ్మదగిన అబద్ధమే. టీవీలో అలా జరుగుతూనే ఉంటుంది.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. మావయ్య భోజనానికి ఇంట్లోకి వెళ్లారు. కొట్టులో ఆమె ఒక్కతే పరుపు మీద కూర్చుని, పొద్దుటి బేరానికి విప్పిన చీరలు మళ్లీ మడతలు పెడుతోంది. "రా. అన్నం తిన్నావా?" అంది. తిన్నానన్నాను. తినలేదు.

"చూశాను," అంది. "మూడు చోట్ల నవ్వాను. ఇంటర్వెల్ మాటకి గట్టిగా నవ్వాను. మీ మావయ్య లేచొచ్చి చూశారు ఏమైందోనని. నిజంగా నేనట్టాగే మాట్లాడతానా?"

"అలాగే మాట్లాడతావత్తయ్యా."

"ఊఁ." ఒక చీర మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "నడక ఎవరు చూపించారు?"

అబద్ధం నాలుక చివర ఉంది. ఆమె తల ఎత్తి నావైపు చూడలేదు. చూసుంటే ఆ అబద్ధం చెప్పేసేవాణ్ణేమో. ఇంకో చీర అందుకుని అంచులు కలుపుతోంది. ఎదురుగా ఒక కొస వేలాడుతుంటే, అలవాటుకొద్దీ నేను పట్టుకున్నాను. అలా ఇద్దరం చెరో కొసా పట్టుకుని ఉన్నప్పుడు అన్నాను.

"నేనే."

"తెలుసు. వాడు ఎడమ కాలితోనే కుంటుతాడు. ఎవరో చెప్పకపోతే హైదరాబాద్‌లో వాడికెట్టా తెలుస్తది ఎడమదని?"

చీర నా చేతిలోంచి తీసుకుని మడత ముగించింది. నేను క్షమించమని ఏదో అనబోయాను. చేయెత్తి ఆపింది.

"ఏడవకు. కొట్టుకి ఎవరన్నా వస్తారు. చెప్పేది విను. చిన్నప్పుడు మీ తాతయ్య ఇంట్లో అందరూ అనేవాళ్లు, మగ్గం ఎక్కలేని పిల్ల అని. నేను కనబడితే ముందు కాలు కనబడేది అందరికీ. ఈ నోరు ఉందే, ఇది నేను సంపాయించుకున్నది. ముప్పై ఏళ్లు పట్టింది, ఈ ఊళ్లోవాళ్లు నన్ను చూడగానే నా నోరు గుర్తొచ్చేట్టు చేసుకోడానికి. నువ్వు ఒక్క గురువారంలో మళ్లీ కాలు దగ్గరికి తీసుకెళ్లి దింపేశావు."

నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

"నన్ను చూసి నవ్వించడం తప్పని నేనన్లేదు. నవ్వొచ్చే మనిషినే. నా నోరుంది కదరా. అది చాలదూ నీకు?"

అంతలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె నన్ను చూసి, "మీ మేనల్లుడు కదండీ, టీవీలో రాసేది?" అంది. అత్తయ్య, "అవునండీ. మాటలు బాగా రాస్తాడు. మిగతావి ఇంకా నేర్చుకుంటన్నాడు," అని వాళ్లముందు చీరలు పరిచింది. ఆ 'ఇంకా' అన్న మాట పట్టుకునే నేను తిరిగి హైదరాబాద్ వెళ్లగలిగాను.

అక్కడ ఆ పాత్రను ప్రతివారం పెట్టమంటున్నారు. పెడతాను గానీ నడక ఉండదన్నాను. నిర్మాత ఆశ్చర్యంగా చూశాడు. నటుడు నొచ్చుకున్నాడు. "జనానికి అదే కావాలి గురూ," అన్నాడు. నిజమే, జనానికి అదే కావాలి. నేను మొండికేశాను. నా జీవితంలో అంతకుముందు ఎప్పుడూ అంత మొండికేసిన గుర్తు లేదు. సరే, ఆరు వారాలు చూద్దామన్నారు. మాటలతోనే నవ్వించాలని కూర్చుంటే తెలిసింది, అంతకుముందు నేను ఎంత తక్కువ రాశానో. తిట్టు తీసేస్తే, రంగు తీసేస్తే, లావు తీసేస్తే నా స్కిట్లలో మిగిలేది ఏమీ లేదు.

ఆరు వారాలూ శుక్రవారం ఫోన్ వచ్చింది. ఐదోదానికి చాలా కోప్పడింది. "ఇది నాకు భయపడి రాశావు. అందులో ఆవిడ అందరికీ నీతులు చెప్తది, అందరూ వింటారు. నేనంత మంచిదాన్నంట్రా? నా మాట ఎవరు విన్నారు?" ఆరోది రాసేటప్పుడు ఆ కోపాన్నే రాశాను. పెళ్లిచీరలు కొనడానికి వచ్చిన రెండు కుటుంబాలవాళ్లు సినిమా దగ్గర కొట్టుకుని, ఆమెను తీర్పు చెప్పమంటే, ఆమె చెప్పింది వినకుండా ఇద్దరూ ఏకమై ఆమెమీద పడతారు. ఆ శుక్రవారం ఫోన్లో చాలాసేపు నవ్వు వినబడింది. లెక్క చెప్పలేదు.

జనం మాత్రం అంత నవ్వలేదు. ఏడో వారం ఆ పాత్రను ఆపేశారు. కొన్ని నెలలకు నన్నూ వద్దన్నారు. ఆ తర్వాత రెండేళ్లు చిన్నా చితకా పనులు చేశాను. ఆ రెండేళ్లలో ఆమె ఒక్కసారి కూడా నావల్లే నీ పని పోయిందని బాధపడలేదు, మంచి పని చేశావని మెచ్చుకోనూ లేదు. "ఏం రాస్తన్నావు?" అని మాత్రం ప్రతి శుక్రవారం అడిగేది. రాయడం మానేశానని చెప్పే వీలు లేకుండా చేసింది.

పోయిన సంవత్సరం నేను మాటలు రాసిన మొదటి సినిమా విడుదలైంది. పెద్దగా ఆడలేదు. బాగుందన్నవాళ్లు, నిద్రపోయామన్నవాళ్లు సమానంగా ఉన్నారు. అత్తయ్యకు అప్పటికే గుండె జబ్బు. బస్సు ఎక్కవద్దన్నారు డాక్టర్లు. ఎక్కింది. మ్యాట్నీకి నన్ను రావద్దంది. "నువ్వు పక్కన కూర్చుంటే నీ మొహం చూస్తా గానీ సినిమా చూడను." సాయంత్రం ఆరవుతుండగా ఫోన్ మోగింది. వెనక బస్సు చప్పుడు.

"ఎక్కడున్నావత్తయ్యా?"

"కంకిపాడు ఇప్పుడే దాటింది." అని మొదలుపెట్టింది. "ఆ పిల్ల పొద్దున్నే లేచి ఏం చేస్తదో నీకు తెలిసిందిరా. జడ వేసుకుంటా పాఠం చదువుకుంటది చూడు, అక్కడ నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. రెండో సగంలో దాన్ని మర్చిపోయావు. పెళ్లి గొడవలో పడి మర్చిపోయావు. ఈసారి మర్చిపోకు."

ఇంతవరకూ నాకు వచ్చిన సమీక్షల్లో దానికంటే పెద్దది లేదు. చిన్నదీ లేదు.

పెద్దకర్మ రోజున పామర్రులో ఇంటినిండా జనం. ఆటోనగర్ నుంచి మేస్త్రీ వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. షెడ్డు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడట. మావయ్య చేతులు పట్టుకుని, "మా షెడ్డులో ఇప్పటికీ ఎవడన్నా సినిమా చూడకుండా వాగితే, పామర్రు అమ్మగారికి ఫోన్ కొట్టమంటావా అని బెదిరిస్తామండీ," అన్నాడు. మావయ్య ఆ రోజు మొదటిసారి నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి అడిగారు, ఇన్నేళ్లూ ఆమె చూసిన సినిమాల్లో ఏది మంచిదో ఒకటి చెప్పమని, చూస్తానని.  ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

మరునాడు ఉదయం విజయవాడ బస్సెక్కాను. ఉయ్యూరులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. మెడల్లో ఐడీ కార్డులు, ఒళ్లో బరువైన సంచులు. ఎక్కుతూనే ఏదో సినిమా గురించి వాదించుకుంటున్నారు. ఒకమ్మాయి చెత్త అంటుంది. రెండో అమ్మాయి, "నువ్వు చూసిందే సగం, ఫోన్ చూసుకుంటా కూర్చున్నావు," అంటుంది. కానూరులో దిగారు. కాలేజీ గేటు రోడ్డుకు అవతల ఉంది. వాళ్లు రోడ్డు దాటలేదు. దిగినచోటే, ఎండలో, ఒకరికొకరు ఎదురుగా నిలబడిపోయారు. ఆటోవాడు హారన్ కొడితే చూడకుండానే ఒక అడుగు పక్కకు జరిగారు. మొదటి అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. రెండో అమ్మాయి చేయి చాపి, తన కారణాలు ఒక్కొక్కటీ చెబుతూ వేళ్లు మడుస్తోంది. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. వాళ్లకూ నాకూ మధ్యకు ఒక లారీ వచ్చేసరికి ఆ అమ్మాయి నాలుగో వేలు దగ్గర ఉంది.